నేను సంతకం పెట్టని తునికాకు కాగితం

పని అంటే ఏంది

జగిత్యాలల ఒక ప్రైవేటు పీజీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల ఇరవై ఆరేండ్లు పని చేసిన. ఏం పని అని ఎవరన్న అడిగితే "అడివి మొక్కల మీద పరిశోధన" అని చెప్తుంటి. వినేటోళ్లు గౌరవంగ తల ఊపుతుండిరి. నిజం చెప్పాల్నంటే నా పని, ఊదారంగు నీళ్లు పసుపురంగుకు తిరుగుతున్నయా లేదా అని చూసుడు.

ఇప్పుడు ఈ పనిలకు కొత్తగ వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తరు. మిషన్ ఎట్ల వాడాల్నో వాళ్లకు నాకంటే బాగ తెలుసు. వాళ్లకు ఎవరూ చెప్పని సంగతులు రెండు మూడు ఉన్నయి. అవి రాస్తున్న. నాకు ఏ యేడు ఏ పోస్టు ఇచ్చిండ్రో ఫైళ్లల్ల ఉన్నది, అక్కడ్నే ఉండనీయిండ్రి.

పని గిట్ల నడుస్తది. అడివి నుంచి ఆకు తెస్తం. నీడకు ఎండబెడతం. మిక్సిల పొడి కొడతం. మిథనాల్ల నానబెట్టి వడకడతం. ఆ రసాన్ని ఒక ఊదారంగు మందుల కలిపి అరగంట చీకటి అల్మారల పెట్టి, తర్వాత రంగు కొలిచే మిషన్ల చూస్తం. ఊదా పోయి పసుపు వస్తే ఆ ఆకుల యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నట్టు. అంటే, మన ఒంట్ల కణాలను చెడగొట్టే తుంటరి ముక్కలను పట్టి చల్లబరిచే గుణం ఉన్నట్టు. "మన ఒంట్ల" అన్న గని, ఆ ల్యాబుల ఒళ్లు ఎక్కడ లేదు. గాజు గొట్టం ఒక్కటే ఉన్నది. గింత చిన్న సంగతి నాకు తెలిసే వరకు సగం సర్వీసు అయిపోయింది.

మొదట్ల ప్రతి ఆకుకు సంబరపడ్డ. మోదుగ పెడితే పసుపు. తంగేడు పెడితే పసుపు. ఉసిరాకు పెడితే అల్మార తలుపు వేయకముందే పసుపు. మా అడివంత బంగారమే అనుకున్న. తర్వాత తెలిసింది, ఎండల నిలబడి బతికే ఏ చెట్టుకైనా ఈ గుణం ఎంతో కొంత ఉండకతప్పదు. లేని ఆకు దొరికితేనే వార్త. గని లేని ఆకు మీద రాసిన వ్యాసాన్ని ఎవరూ అచ్చేయరు.

మా ల్యాబుల స్రవంతి అని ఒక పిల్ల పీహెచ్‌డీ పని చేస్తుండె. సిరిసిల్ల పిల్ల. వాళ్ల బాపు సాంచాలు నడుపుతడు, అంటే మరమగ్గాలు. ఆ చప్పుడుల పెరిగింది గనుక మా దగ్గర గూడ గట్టిగనే మాట్లాడుతుండె. ఒకరోజు ఆమె క్యాంటీన్ల నుంచి పాలు పోయని చాయ తెచ్చి, తాగంగ మిగిలింది గొట్టంల పోసింది. మేం ఆ యేడాది కొండగట్టు గుట్టల తిరిగి తెచ్చిన ఆకులన్నిటినీ ఆ చాయ ఓడగొట్టింది.

మా హెడ్డు దామోదర్ సార్‌కు చూపించినం. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి కింద పెట్టిండు.

"చాయ అడివి మొక్క కాదమ్మా. రికార్డుల రాయకుండ్రి," అన్నడు.

దామోదర్ సార్ చెడ్డ మనిషి కాదు. పాఠం చెప్తే వెనుక బెంచీల పిల్లలు గూడ ఫోన్లు పక్కన పెట్టేటోళ్లు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నా క్లాసులన్ని ఆయనే తీసుకున్నడు. ఆయనకు ఫలితాలంటే ప్రేమ, ప్రశ్నలంటే చిరాకు. గంతే. మీకు గూడ గిసొంటి బాసే దొరుకుతడు, ఎందుకంటే ఎక్కువ మంది గిట్లనే ఉంటరు.

నేను చేసిన తప్పు

మల్యాల దాటినంక గుట్టల్ల, ఫారెస్టోళ్లను అడిగి, ఒకసారి కొడిసెపాల ఆకులు తెచ్చినం. కొడిసె అని గుర్తు పట్టింది నేనే. గిల్లితే పాలు కారింది, ఆకులు ఎదురెదురుగ ఉన్నయి, పుస్తకంల బొమ్మ గూడ గట్లనే ఉన్నది. పరీక్ష మంచిగ వచ్చింది. వ్యాసం అచ్చయింది. అండ్ల నా పేరు మూడోది.

అవే చెట్ల నుంచి తెచ్చిన రెండో విడత ఆకులు వరండల పేపర్ల మీద ఆరబెట్టినప్పుడు మా అవ్వ వచ్చింది. అవ్వ అంటే నన్ను కన్నతల్లి. రాయికల్‌ల ఉంటది. కండ్లు చూపించుకుందామని జగిత్యాల వచ్చి, దవాఖాన నుంచి సీదా కాలేజీకి వచ్చింది. ఆకులు చూసి అక్కడ్నే కూలబడ్డది.

"గీ అంకుడాకు ఎందుకు ఎండేసిండ్రు బిడ్డా?"

"అంకుడు గాదవ్వా, కొడిసె. కడుపునొప్పికి వాడుతరు చూడు."

"కొడిసెనా?" అవ్వ ఒక కొమ్మ ఎత్తి నా మొఖం ముందట పెట్టింది. "కొడిసె కాయలు దేనికది వేలాడుతయి. దీనికి చూడు, రెండు కాయలు కొసకు అతుక్కొని ఉన్నయి. ఆకు గూడ చూడు, ఎండంగ ఎండంగ నీలంగ తిరుగుతలేదా?"

నిజంగనే ఆకుల అంచులు నీలంగ ఉన్నయి. నేను దాన్ని బూజు అనుకున్న. ఆపరేషన్ చేయాలె, కనబడుతలేదు అని డాక్టర్ రాసిచ్చిన కండ్లతోని మా అవ్వ చూసింది, అద్దాలు పెట్టుకొని నేను చూడలే.

సార్‌కు చెప్పిన. ఆయన అచ్చయిన వ్యాసం తీసి టేబుల్ మీద పెట్టిండు.

"అచ్చయింది గదా సుగుణమ్మా. అంకుడు గూడ మంచి మొక్కనే. మీ అమ్మ బాటనీ ఏమన్న చదివిందా?"

"లేదు సార్," అన్న.

ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ సిగ్గుపడుత. పొయ్యిల కట్టెల కోసం, ఆకుల కోసం ఎన్నో ఎండకాలాలు ఆ గుట్టలు ఎక్కి దిగిన మనిషి ఆమె. అదే చదువు అని చెప్పాల్సి ఉండె. ఆ వ్యాసం చూసి ఇంకెవరో కొడిసాకు గొప్పదని రాసిండ్రు, వాళ్లను చూసి ఇంకొకరు రాసిండ్రు. మా తప్పుకు పిల్లలు పుట్టినయి, మనుమలు పుట్టినయి. తప్పయిందని ఆ పత్రికకు నేను ఉత్తరం రాయలే. ఒప్పుకునుడు ఇదే మొదలు.

అప్పటి నుంచి నాకు ఒక పద్ధతి వచ్చింది. కాయో పువ్వో ఉన్న కొమ్మను కాగితాల నడుమ అదిమి దాచనిదే మిక్సి మూత తీయను. దాని పేరు ఇద్దరు చెప్పాలె, పుస్తకం చదివినోళ్లు ఒకరు, చెట్టు కొట్టినోళ్లు ఒకరు. ఇద్దరికి పడకపోతే రెండో మనిషి మాటనే ముందు వింటా.

తునికాకు

తునికాకును పరీక్షిద్దామన్నది నా ఆలోచనే. అది బీడీలు చుట్టే ఆకు. మాకు గుంటెడు భూమి లేకుండె. అవ్వ ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేస్తుండె, బడి నుంచి వచ్చి నేను గూడ పక్కన కూసుంటుంటి. ఆకును నానబెట్టి, రేకు ముక్క పెట్టి కత్తెరతోని కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేదాన్ని. డిగ్రీ అయ్యేదాక చేసిన. పరీక్ష హాల్ల పెన్ను పట్టుకుంటే నా వేళ్ల నుంచి తంబాకు వాసన వస్తుండె. పక్క బెంచి పిల్ల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే నాకు తెలిసేది.

అందుకే ఈసారి పేరు గురించి ఎవరినీ అడిగే పని పడలే. చీకట్ల చేతికిస్తే గూడ తునికాకు అని చెప్త.

ఫలితం బ్రహ్మాండంగ వచ్చింది. విటమిన్ సితోని పోల్చి చూస్తే దానికి దీటుగ నిలబడ్డది. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వు వస్తది. చిన్నప్పుడు నన్ను తలదించుకునేటట్టు చేసిన ఆకు, ఇన్నేండ్లకు నా తల ఎత్తించింది అనుకున్న. స్రవంతి వద్దన్నా వినకుండ అందరికీ మిర్చీబజ్జీలు తెప్పించిన.

దామోదర్ సార్ ఒక విలేకరికి ఫోన్ చేసిండు. తెల్లారి పేపర్ల "బీడీ ఆకులో ఆరోగ్య రహస్యం" అని వచ్చింది. ఫోటోల సార్ గొట్టం పట్టుకొని ఉన్నడు. వెనుక నా చెయ్యి కనబడ్డది.

కోరుట్ల సేటు

వారం తిరగకముందే కోరుట్ల నుంచి లింబాద్రి సేటు వచ్చిండు. బీడీల కార్ఖానా ఆయనది. రాయికల్ వైపు ఎన్నో వాడలకు ఆయన కార్ఖానా నుంచే ఆకు, తంబాకు వస్తయి. మా వాడకు గూడ. నేను చుట్టిన బీడీలు ఆయన తండ్రి కార్ఖానాకే పోయినయి. ఆ సంగతి ఆయనకు తెల్వదు, నేను చెప్పలే.

మిఠాయి డబ్బ టేబుల్ మీద పెట్టి చేతులు జోడించిండు.

"మేడం, నేను పెద్దగ చదువుకోలే. సాఫ్ మాట అడుగుత. మా ఆకుల యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నయని మీరే కదా అన్నరు?"

"అన్నం."

"అబద్ధం కాదు గదా?"

"కాదు."

"మరి గదే ముక్క కాలేజీ కాగితం మీద రెండు లైన్లు రాసియ్యుండ్రి. కింద మీ సంతకం, సార్ సంతకం. చీటీలు కొట్టించి డబ్బాల మీద అంటిస్తం."

"బీడీ ఆరోగ్యానికి మంచిదని అనుకుంటరు గదా అన్నా, జనం?"

"నేను గట్ల రాయమంటలేను గద మేడం. ఆకు గురించే రాయిండ్రి. అనుకునేది వాళ్లు."

రెండు లైన్లల ఒక్క అబద్ధం గూడ లేదు. సేటు పోయినంక సార్ నన్ను పిలిచిండు. మా రంగు కొలిచే మిషన్ అప్పటికే ముసలిది. పొద్దున ఒక లెక్క, మాపున ఒక లెక్క చూపిస్తుండె. కొత్తది కొనిస్తనని సేటు మాటిచ్చిండట.

"స్రవంతి పీహెచ్‌డీ గూడ ఆ మిషన్ మీదనే ఆధారపడి ఉన్నది సుగుణమ్మా. ఆలోచించు," అన్నడు.

ఆయన చెప్పంది నాకు ఇంట్ల తెలిసింది. ఐతారం చర్చి అయినంక రాయికల్ పోతే అవ్వ ఇంట్ల మా వాడ ఆడోళ్లు ఆరుగురు కూసొని ఉన్నరు. అందరి ఒళ్లె చాటలు ఉన్నయి, చాటలల్ల ఆకు లేదు.

"సేటు మీ కాలేజీకి వచ్చిండట గద సుగుణక్కా," అన్నది ఒకామె. "మీరు కాగితం ఇస్తే బీడీలు మళ్ల నడుస్తయట. నెలల సగం రోజులు గూడ పని ఇస్తలేరు ఇప్పుడు."

నేను అవ్వ దిక్కు చూసిన. అవ్వ దగ్గుతున్నది. తంబాకు దుమ్ము దగ్గు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న.

"రాసియ్యరాదు బిడ్డా," అన్నది దగ్గు ఆగినంక. "రెండు ముక్కలే గద."

"అవ్వా, నీ దగ్గు ఏంది మరి?"

"నా దగ్గు తాగుడుతోని వచ్చింది గాదు, చేసుడుతోని వచ్చింది. తాగేటోడు నువ్వు రాసినా తాగుతడు, రాయకున్నా తాగుతడు. చేసేటోళ్లకు పని రానీ."

మా అవ్వ నాకంటే ఎప్పుడైనా సాఫ్‌గనే మాట్లాడుతది. బస్సుల జగిత్యాల వచ్చేదాక ఆమె మాటల తప్పు ఎక్కడ ఉన్నదని వెతికిన. దొరకలే.

పొగ

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైందని అప్పుడు అనుకున్న. ఆకుల గుణం ఉన్నది, సరే. గని ఎవరూ ఆకును నమిలి మింగుతలేరు, కాలబెట్టి పొగ పీలుస్తున్నరు. పొగను పరీక్షిస్తే? కాలినంక ఆ గుణం ఏం మిగులుతది? ఊదారంగు ఊదారంగుగనే ఉంటది. ఆ గొట్టం సార్ ముందట, సేటు ముందట పెడితే నేను వాదించే పని గూడ ఉండదు.

స్రవంతికి చెప్తే ఎగిరి గంతేసింది. మిథనాల్ పక్కన నిప్పు పెట్టకూడదు గనుక, పొగను ముందు దూదిల పట్టుకోవాల్నని అనుకున్నం. నల్లా నీళ్ల జోరుతోని గాలి లాగే పంపు ఒకటి ల్యాబుల ఉన్నది. గొట్టానికి ఒక కొసకు బీడీ పెట్టి, నడుమ దూది పెట్టి, కిటికీ దగ్గర ముట్టించినం. బీడీ తనంతట తానే దమ్ము పీల్చుకున్నట్టు ఎర్రగ కాలింది. తెల్ల దూది బెల్లం రంగుకు వచ్చింది. వాసనకు వాచ్‌మన్ తలుపు దగ్గరికి వచ్చి, ఇద్దరు ఆడోళ్లను చూసి, ఏం అడగకుండ పోయిండు.

ఆ దూదిని తీసి వేరే గదిల మిథనాల్ల నానబెట్టి, వడకట్టి, ఊదారంగుల పోసి, అల్మారల పెట్టినం. అరగంట అయినంక స్రవంతి తలుపు తీసింది.

పసుపు.

"మేడం," అన్నది. మొదటిసారి చిన్నగ మాట్లాడింది.

నాదే ఏదో పొరపాటు అనుకున్న. కొత్త దూది తీసుకొని, బీడీ లేకుండ ఉత్త గాలి లాగి చూసినం. ఊదా ఊదాగనే ఉన్నది. అంటే దూది తప్పు లేదు. తంబాకు లేకుండ ఉత్త తునికాకు చుట్టి కాలబెట్టినం. పసుపు. తునికాకు లేకుండ తంబాకు ఒక్కటే కాలబెట్టినం. పసుపు. స్రవంతికి తిక్క లేచింది. గోడకు అంటించిన మా పేపర్ ముక్క, "బీడీ ఆకులో ఆరోగ్య రహస్యం" అన్నది, పర్రున చింపి, సుట్ట లెక్క చుట్టి గొట్టంల పెట్టింది.

"ముట్టియ్యుండ్రి మేడం."

ముట్టించిన. సార్ ఫోటో గూడ కాలింది. అరగంట అయినంక అది గూడ పసుపే.

ఇద్దరం నవ్వినం. కడుపు పట్టుకొని నవ్వినం. నవ్వు ఆగినంక ఆ పిల్ల స్టూలు మీద కూసొని మొఖం తుడుచుకున్నది. ఆ తుడుచుకునేది నవ్వు నీళ్లు కాదని నాకు కొంచెంసేపటికి అర్థమైంది. మూడేండ్ల ఆమె పని మొత్తం ఈ ఒక్క పరీక్ష మీదనే ఉన్నది.

తర్వాత పుస్తకాలు తీస్తే సంగతి తెలిసింది. ఆకు, కట్టె, కాగితం, ఏది కాలినా పొగల కొన్ని పదార్థాలు పుడతయి. ఆ ఊదారంగును అవి గూడ పోగొడతయి. అవి మనిషికి మంచివి కావు. గని గొట్టానికి ఆ సంగతి తెల్వదు. నువ్వు ఈ రంగును తీస్తవా అని అది ఒక్కటే అడుగుతది. తీస్త అని ఆకు చెప్తది, చాయ చెప్తది, విషం గూడ చెప్తది. ఆ జవాబు మీద "ఆరోగ్యం" అని రాసింది మేము.

గన్నేండ్లు మా ల్యాబు గోడ మీద వేలాడిన ఫలితాలల్ల అబద్ధం ఒక్కటి గూడ లేదు. ఈ ముక్క మీకు బాగ గుర్తుండాలె. నేను అన్ని రోజులు నిజమే రాసిన.

కాగితం

నేను సేటుకు కాగితం రాసిన. రెండు లైన్లు కాదు, ఐదు. తునికాకుల ఈ గుణం ఉన్నదని మొదటి లైను. బీడీ పొగల, ఉత్త తంబాకు పొగల, పాత పేపర్ పొగల గూడ గదే ఫలితం వచ్చిందని తర్వాతి లైన్లు. కాబట్టి ఈ పరీక్ష మనిషి ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదని చివరిది.

దామోదర్ సార్ చదివి కాగితాన్ని నా దిక్కు జరిపిండు.

"మొదటి లైను ఉంచు. కడమయి తీసెయ్యి."

"తీస్తే సంతకం పెట్టను సార్."

"ఈ లెక్కన మన వ్యాసాలన్ని ఏమైతయి సుగుణమ్మా? ఎప్పుడన్న ఆలోచించినవా?"

"గదే ఆలోచిస్తున్న సార్."

ఆయన కోపానికి రాలే. అదే నాకు ఎక్కువ బాధయింది. కండ్లద్దాలు తీసి కొంగుకు తుడుచుకునే ముసలమ్మ లెక్క షర్టు అంచుకు తుడుచుకుంట కూసున్నడు. ఆయనకు అంతా అర్థమైంది. అర్థమైనంక గూడ మొదటి లైను ఒక్కటే టైపు చేయించి, తనొక్కడే సంతకం పెట్టి ఇచ్చిండు. మరుసటి నెల నుంచి నన్ను లైబ్రరీకి మార్చిండ్రు. ల్యాబుల నాకు దుమ్ము పడుతలేదని కారణం రాసిండ్రు. లైబ్రరీల దుమ్ము ఎంత ఉంటదో లైబ్రరీకి పోయినోళ్లకు ఎరుకే.

సేటు చీటీలు కొట్టించిండు. జగిత్యాల బస్టాండుల ఒక కిరాణ దుకాణంల చూసిన. చీటీ మీద పచ్చటి తునికాకు బొమ్మ, కింద కాలేజీ పేరు. పక్కనే బీడీ కట్ట మీద సర్కారు వేయించిన గొంతు పుండు బొమ్మ. రెండు పక్కపక్కన కూసొని ఉన్నయి. బీడీ కొనుక్కునేటాయన ఏ బొమ్మనూ చూడలే, కట్ట తీసి జేబుల వేసుకొని పోయిండు. మా అవ్వ చెప్పింది గదే. చీటీ వేసినా వేయకున్నా అమ్మకాలల్ల తేడా ఏం రాలేదట. కొన్నాళ్లకు చీటీలు ఆగిపోయినయి. మిషన్ రాలే. పని రోజులు పెరుగలే, ఇంకా తగ్గినయి.

గని మా వాడల ముచ్చట వేరే తీరుగ నిలబడ్డది. సుగుణ సంతకం పెట్టలేదు గనుక పని పోయింది, గదే ముచ్చట. కాగితం అందిందని, చీటీలు గూడ అంటించిండ్రని చెప్పినా ఎవరూ నమ్మలే. "ఉత్త సార్ సంతకం ఏం పనికొస్తదక్కా? ల్యాబు నీది గదా," అన్నది ఒకామె. నా సంతకానికి అంత విలువ ఉన్నదని నా సర్వీసు మొత్తంల అన్న మనిషి ఆమె ఒక్కతే.

అవ్వ రెండు నెలలు నాతోని సరిగ మాట్లాడలే. తర్వాత ఒకరోజు దగ్గు ఎక్కువై జగిత్యాల దవాఖానకు తెచ్చిన. డాక్టర్ ఛాతి ఎక్స్‌రే తీయించి, తంబాకు ముట్టుడు బంద్ చేయాలన్నడు. ఇంటికి పోతుంటే ఆటోల నా చెయ్యి పట్టుకొని అన్నది.

"నువ్వు పెట్టకపోయిన సంతకం మంచిదో చెడ్డదో నాకు తెల్వదు. గని మా సేటు తండ్రి నుంచి ఇప్పటిదాక కాగితం అడిగితే లేదన్నోళ్లను నేను చూడలే."

మెచ్చుకుందో, నిష్ఠూరం ఆడిందో నేను అడగలే. చాటను అటుక మీద పెట్టించిన. ఆ తర్వాత ఆమె పొద్దుపోక కొన్ని రోజులు నన్ను బాగ తిట్టింది.

స్రవంతి పొగ సంగతి తన పీహెచ్‌డీ పుస్తకంల ఒక అధ్యాయంగ పెట్టింది. సార్ వద్దన్నడు. "పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు సార్," అని మళ్ల గట్టిగనే మాట్లాడింది. లెక్కలు రాసిన నోటుబుక్కు నా దగ్గర ఉండె. ప్రతి పేజీ మీద సంతకం పెట్టి ఆమెకు ఇచ్చిన. సేటు కాగితం మీద పెట్టని సంతకాలన్ని అండ్ల పెట్టిన అనుకోండ్రి. ఆ అధ్యాయంతోని ఆమె పని ఏడాదిన్నర వెనుకకు పోయింది, ఒంట్ల కణాల మీద చేసే పరీక్ష ఇంకో ఊర్ల నేర్చుకొని రావలసి వచ్చింది. ఆఖరుకు వైవాల, అంటే నోటి పరీక్షల, బయటి నుంచి వచ్చిన పెద్ద సార్ అడిగిండట, "అయితే అమ్మా, పొగ ఆరోగ్యానికి మంచిదంటవా?" అని.

"పొగ మంచిది గాదు సార్. మేం అడిగిన ప్రశ్న మంచిగ లేదు," అన్నదట.

పాసయింది. దామోదర్ సార్ ముందు వరుసల కూసొని చప్పట్లు కొట్టిండట. ఆ సంగతి స్రవంతి చెప్తే నేను నమ్మిన. ఆయన అసొంటి మనిషే.

సిరిసిల్లల

స్రవంతి ఇప్పుడు సిరిసిల్లల ఒక కాలేజీల పాఠం చెప్తున్నది. నేను రిటైరైనంక ఒకసారి పిలిచింది, పిల్లలతోని మాట్లాడుండ్రి మేడం అని. ల్యాబు కిటికీల నుంచి సాంచాల చప్పుడు వస్తున్నది. పిల్లలు ముప్పై మంది దాక ఉన్నరు, ఎక్కువ ఆడపిల్లలే. కొందరి ఇండ్లల్ల సాంచాలు ఉన్నయి, కొందరి ఇండ్లల్ల చాటలు ఉన్నయి. చేతులు చూస్తే తెలుస్తది.

నేను గంటసేపు మాట్లాడిన. కొమ్మను దాచిపెట్టుడు గురించి చెప్పిన. మీకు నచ్చని ఫలితాన్నే ముందు పుస్తకంల రాయుండ్రి, నచ్చింది ఎట్లయినా రాస్తరు అని చెప్పిన. పొగ ముచ్చట చెప్తే బాగ నవ్విండ్రు. అందరికీ అర్థమైందనుకున్న.

అయిపోయినంక రెండో వరుస నుంచి ఒక పిల్ల లేచింది. బ్యాగుల నుంచి పేపర్ల చుట్టిన ఆకులు తీసి నా ముందట పెట్టింది. వాళ్ల ఇంటి వెనుక పెరిగే చెట్టట. పేరు వాళ్లకు తెల్వదు, నాకు గూడ తెల్వలే.

"మేడం, ఇది మంచిదా?"

"దేనికి బిడ్డా?"

ఆ పిల్ల ఆలోచించింది. స్రవంతి దిక్కు చూసింది, మళ్ల నా దిక్కు చూసింది.

"దేనికని కాదు మేడం. ఉత్తగనే. మంచిదా అని."

క్లాసంత నవ్వింది. స్రవంతి గూడ నవ్వింది. నేను నవ్వలే. ఆ ప్రశ్న మీదనే నేను ఇరవై ఆరేండ్లు బతికిన.